గసాల నూనె, గుమ్మడికాయ, కన్నుకొట్టే గుడ్లగూబ

తెలుగులో ‘నరం’ భలే మాట. నర్సు సెలైన్ పెట్టబోతూ ‘నరం దొరకట్లేదండీ’ అంటే అది రక్తనాళం. కాలు జివ్వున లాగుతుంటే ‘నరం పట్టేసింది’ అంటాం, అది నాడి. పుస్తకాలు ధమని, సిర, నాడి అని ఎంత విడదీసి చెప్పినా ఇళ్ళల్లో అన్నీ నరాలే. వెన్ను సంగతికొస్తే మాటలోనే బొమ్మ ఉంది: గుచ్చిన పూసలు, వాటి మధ్యలోంచి పోయే పాము. ఈ నరాల్నీ పూసల్నీ పామునీ ఒంటికి కత్తి పెట్టకుండా చూడాలని గత నూట ముప్పై ఏళ్ళలో డాక్టర్లు పడని పాట్లు లేవు. సున్నం పోశారు, గాలి కొట్టారు, గసాల నూనె ఎక్కించారు, ఒకాయనైతే తన చేతి నరంలోంచి తన గుండెలోకే గొట్టం దూర్చుకున్నాడు.

ఎందుకింత అవస్థ? ఎక్స్‌రేకి ఎముక కనపడుతుంది గానీ రక్తం కనపడదు. రక్తానికీ చుట్టూ ఉన్న కండకీ దాని లెక్కలో తేడా లేదు. అలాగే పూసలు కనపడతాయి, లోపలి పాము కనపడదు. కనపడాలంటే ఏదో ఒకటి పొయ్యాలి. అందుకే ఇక్కడి రికార్డులన్నీ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి: ఏం పోశారు, ఎవరి ఒంట్లో పోశారు?

మొదటి బొమ్మకు 57 నిమిషాలు

రాంట్‌జెన్ ఎక్స్‌రేల సంగతి 1895 డిసెంబరు చివర్లో లోకానికి చెప్పాడు. నెల తిరక్కుండానే, 1896 జనవరిలో, వియన్నాలో హాషెక్, లిండెన్‌తాల్ అనే ఇద్దరు రక్తనాళాల తొలి బొమ్మ తీసేశారు. బతికున్న మనిషిది కాదు, శవం చెయ్యి. దాని నాళాల్లోకి సున్నం, ఇంగిలీకం, పెట్రోలియం కలిపిన ముద్ద ఎక్కించి, 57 నిమిషాల పాటు కిరణాల ముందు పెట్టారు. బొమ్మలో వేళ్ళ కొసల దాకా నాళాలు ఎండిన చెట్టు కొమ్మల్లా విచ్చుకుని కనిపించాయి. ఇంగిలీకమంటే పాదరసపు ఖనిజం. బతికున్నవాడికి ఎక్కిస్తే బొమ్మ వచ్చేలోపే మనిషి పోతాడు. బతికున్నవాళ్ళకి పొయ్యగల రంగు దొరకడానికి దాదాపు మరో ముప్పై ఏళ్ళు పట్టింది.

అసలు పనికి రాని నోబెల్

ఆ రంగు వెతికినవాళ్ళలో ఒకడు పోర్చుగల్‌కి చెందిన ఎగాస్ మోనిజ్. నాడీవైద్యుడు, అంతకుముందు ఆ దేశానికి విదేశాంగ మంత్రిగా కూడా చేశాడు. మెదడులో గడ్డ ఉంటే చుట్టూ ఉన్న నాళాలు పక్కకి జరుగుతాయి కదా, ఆ నాళాల బొమ్మ తీస్తే గడ్డ ఎక్కడుందో తెలుస్తుంది కదా అన్నది ఆయన ఆలోచన. మొదట స్ట్రాన్షియం బ్రోమైడ్ వాడాడు. ఒక రోగి చనిపోయాడు. తర్వాత సోడియం అయొడైడ్‌కి మారాడు. 1927 జూన్ 28న లిస్బన్‌లో, బతికున్న మనిషి మెదడులోని ధమనులు తొలిసారిగా ఫిల్ము మీద స్పష్టంగా పడ్డాయి.

ఇందులో నాకు నచ్చే చిన్న సంగతి ఒకటుంది. మోనిజ్‌కి గౌట్ జబ్బు. వేళ్ళు కొంకర్లు పోయి సూది పట్టుకోలేడు. బుర్ర ఆయనదైతే, చేతులు ఆల్మెయిడా లిమా అనే కుర్ర సర్జన్‌వి. ఇక 1949లో మోనిజ్‌కి నోబెల్ వచ్చింది. దేనికి? ఈ నాళాల బొమ్మకి, అంటే యాంజియోగ్రామ్‌కి, కాదు. మానసిక రోగుల మెదడు ముందు భాగంలో తంతువులు తెంపే ఆపరేషన్‌కి. ఆ ఆపరేషన్ తర్వాతి కాలంలో అపఖ్యాతి పాలైంది, దాదాపు కనుమరుగైంది. యాంజియోగ్రామ్ మాత్రం ఇవాళ్టికీ రోజూ నడుస్తోంది. బహుమతి ఇచ్చేవాళ్ళ గురి ఇంతగా తప్పడం అరుదు.

అదే మోనిజ్ 1930ల్లో ఇంకో రంగుని వెనకేసుకొచ్చాడు: థోరోట్రాస్ట్. ఎక్కించినప్పుడు మంట లేదు, నొప్పి లేదు, బొమ్మ అద్దంలా వచ్చేది. చిక్కల్లా అది థోరియం, రేడియోధార్మిక పదార్థం. ఒంట్లోంచి బయటికి పోదు, కాలేయంలో, ప్లీహంలో మకాం వేస్తుంది. థోరియం సగానికి తగ్గాలంటే 1,400 కోట్ల సంవత్సరాలు పడుతుంది. రెండు మూడు దశాబ్దాల తర్వాత ఆ రోగుల్లో కాలేయ క్యాన్సర్లు బయటపడ్డాయి. పోసిన వాటన్నిటిలోకీ అందమైన బొమ్మలిచ్చిందీ, అన్యాయం చేసిందీ ఇదే.

65 సెంటీమీటర్ల సాహసం

1929, జర్మనీలో ఎబర్స్‌వాల్డె అనే చిన్న ఊరి ఆస్పత్రి. పాతికేళ్ళ వెర్నర్ ఫోర్స్‌మన్‌కి గుండెలోకి నరం గుండా గొట్టం పంపొచ్చని పట్టుదల. పైవాళ్ళు వద్దన్నారు. సామాన్ల బీరువా తాళం నర్సు దగ్గరుంది. ఆమెను ఒప్పించాడు. ‘అయితే నా మీదే చెయ్యండి’ అందామె. సరేనని బల్ల మీద పడుకోబెట్టి కాళ్ళూ చేతులూ కట్టేసి, పక్కకి తిరిగి తన మోచేతి మడత దగ్గర తానే కోసుకుని గొట్టం దూర్చడం మొదలెట్టాడు. ఆమె చూసేసరికి పని సగం అయిపోయింది. కట్లు విప్పించుకుని, ఆ గొట్టం చేతికి వేలాడుతుండగానే ఇద్దరూ మెట్లు దిగి ఎక్స్‌రే గదికి వెళ్ళారు. అద్దంలో చూసుకుంటూ 65 సెంటీమీటర్ల దాకా తోశాడు. కొస గుండె కుడి గదిలో ఉన్నట్టు ఫిల్ము సాక్ష్యం.

పొగడ్తలకి బదులు చీవాట్లు పడ్డాయి. విసిగిపోయి మూత్రకోశ వైద్యంలోకి మారిపోయాడు. 1956లో నోబెల్ వచ్చింది. నర్సుకేమొచ్చిందంటే, ఏమీ రాలేదు.

దీని తర్వాత గొలుసు తెగలేదు. 1953లో స్వీడన్‌కి చెందిన సెల్డింగర్ ‘సూది గుచ్చు, తీగ దూర్చు, సూది తియ్యి, తీగ మీదుగా గొట్టం పంపు’ అన్న చిట్కా కనిపెట్టాడు. ఇవాళ మన ఊళ్ళో యాంజియో చేసే డాక్టరు గారి చేతిలోదీ అదే చిట్కా. 1958 అక్టోబరు 30న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ బృందం చేతిలో గొట్టం జారి గుండెకి రక్తమిచ్చే చిన్న ధమనిలోకే పోయింది, రంగు అంతా అందులో పడింది. గుండె ఆగింది. దగ్గమని రోగి మీద కేకేశాడు సోన్స్. దగ్గాడు, గుండె మళ్ళీ అందుకుంది. గుండె ధమనుల యాంజియోగ్రామ్ ఆ జారిన గొట్టంలోంచే పుట్టింది.

గసాల నూనె

వెన్నుపాముకి పోసిన రంగు కథ వేరు. ఫ్రాన్స్‌లో 1901లో మార్సెల్ గెర్బె అనే ఫార్మసిస్టు గసాల నూనెకి అయొడిన్ కలిపి లిపియడోల్ అనే మందు చేశాడు. అవును, మసాలాలో నూరే ఆ గసగసాలే. 1920ల మొదట్లో సికార్, ఫారెస్టియే అనే పారిస్ డాక్టర్లు దాన్ని నడుము నొప్పికి సూదిగా వేస్తుండేవాళ్ళు. ఒకసారి సూది కాస్త లోతుగా దిగి, నూనె వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి పోయిందంటారు. ఎక్స్‌రేలో చూస్తే చుక్కలు చుక్కలుగా కిందికి జారుతూ కనిపించింది. రోగికేమీ కాలేదు. వెన్నుపాముకి తీసే బొమ్మ, మైలోగ్రామ్, అలా పుట్టింది.

పద్ధతి చూడండి. నూనె బరువైనది, నీటిలో కిందికి దిగుతుంది. రోగిని బల్లకి కట్టి తల వైపు దించితే నూనె తలవైపు, కాళ్ళ వైపు దించితే అటు. ఎక్కడ ఆగిపోతే అక్కడ గడ్డో, జారిన డిస్కో అడ్డముందన్నమాట. తూము పూడుకుందేమోనని పైనుంచి నీళ్ళు పోసి చూసే రైతు తెలివే ఇది. అంతకుముందే, 1919లో, అమెరికాలో వాల్టర్ డాండీ నూనెకి బదులు వట్టి గాలి కొట్టి చూశాడు. పొట్టలో పేగు చిల్లుపడిన రోగుల ఎక్స్‌రేలో గాలి నల్లగా కనపడటమే ఆయనకి ఆ ఆలోచన ఇచ్చిందంటారు. పని జరిగింది గానీ రోగులకి తల బద్దలయ్యే నొప్పి.

తర్వాత వచ్చిన పాంటోపేక్ అనే నూనెని పరీక్ష అయ్యాక మళ్ళీ సూదితో బయటికి లాగాల్సొచ్చేది. మిగిలిపోయిన చుక్కలు ఎప్పటికో తీసిన ఎక్స్‌రేల్లో కూడా పూసల మధ్య తెల్లగా మెరుస్తుంటాయి. లిపియడోల్ మాత్రం ఇంకా రిటైరు కాలేదు; కాలేయ గడ్డలకి మందు పంపడానికి ఇప్పటికీ వాడుతున్నారు.

పాము మీద పాములు

ఇక్కడ కాసేపు ఆగుతాను. నరమూ వెన్నూ రెండూ కలిసే చోటు ఇదే, చూడ్డం తెలియకపోతే బొమ్మ తీసి కూడా లాభం లేదని చెప్పేదీ ఇదే.

యాభై అరవై ఏళ్ళ మగమనిషి. కొన్ని నెలలుగా కాళ్ళు బరువు. నడుస్తుంటే ఇంకా ఎక్కువ. అరికాళ్ళు మొద్దు. తర్వాత మూత్రం సరిగ్గా రాదు. ఒకరు పూసలు అరిగాయంటారు, ఒకరు డిస్క్ జారిందంటారు, ఇంకొకరు ఈ వయసులో ప్రోస్టేట్ మామూలే అంటారు. నడుముకి ఎమ్మారై తీస్తారు. ఆ వయసులో ఎవరికి తీసినా ఏదో ఒక డిస్క్ ఉబ్బే ఉంటుంది, కాబట్టి నేరం దాని మీద పడుతుంది. వాపు తగ్గుతుందని స్టెరాయిడ్ ఇస్తే కొందరికి రాత్రికి రాత్రి కాళ్ళు ఇంకా పడిపోతాయి.

అసలు దొంగ చాలా చిన్నవాడు. వెన్నుపాముని చుట్టి ఉండే పొరలో, నాడి బయటికొచ్చే చోట, ఒక చిన్న ధమనికీ ఒక చిన్న సిరకీ మధ్య అడ్డదారి. మామూలుగా ధమని రక్తం వెంట్రుకల్లాంటి నాళాల గుండా మెల్లగా సిరలోకి చేరాలి. అడ్డదారి పడితే ధమని ఒత్తిడంతా నేరుగా సిర మీద పడుతుంది. సిర ఉబ్బుతుంది, వెన్నుపాములోంచి రావలసిన రక్తం రాలేక నిలిచిపోతుంది, పాము నీరుపట్టి నానుతుంది. మురుగు కాలవలోకి మెయిన్ పైపు కలిపేస్తే వీధంతా ఏమవుతుందో అదే. డాక్టర్లు డ్యూరల్ ఫిస్టులా అంటారు. ఏడాదికి పది లక్షల మందిలో అయిదు నుంచి పది మందికి వచ్చే జబ్బు. అయినా వెన్నుపాము రక్తనాళాల లోపాల్లో ఇదే అన్నిటికంటే ఎక్కువగా కనపడేది. 1926లోనే ఫ్వా, అలజువానిన్ అనే ఫ్రెంచి డాక్టర్లు ఈ లక్షణాలు రాసిపెట్టారు, కానీ తర్వాత చాలామంది దాన్ని సిరల్లో గడ్డకట్టే జబ్బనుకున్నారు. తప్పు అసలు ఆ పొరలోని అడ్డదారిదని లండన్‌లో కెండల్, లోగ్ 1977లో చూపేదాకా చిక్కుముడి సరిగ్గా వీడలేదు.

ఎమ్మారైలో చూస్తే వెన్నుపాము మధ్యలో తెల్లని మబ్బు, దాని వీపు మీద మెలికలు మెలికలుగా నల్లని గీతలు, ఉబ్బిన సిరలు. వెన్ను‘పాము’ మీద నిజంగానే పాములు పాకుతున్నట్టుంటుంది. కానీ అవి కనపడేది తరచుగా ఛాతీ వెనకాల పూసల దగ్గర. బొమ్మ తీసింది నడుముకి. ఫిల్ము పై అంచున ఒక్క అంగుళంలో కనపడి మాయమయ్యే ఆ గీతల్ని పట్టుకునే కళ్ళుండాలి.

అప్పుడు కూడా అడ్డదారి ఎక్కడో యాంజియోగ్రామ్ చేస్తే గాని తేలదు. పూస పూసకీ కుడివైపొకటి, ఎడమవైపొకటి ధమని ఉంటుంది. ఒక్కొక్కదాని గుమ్మంలోకి గొట్టం పెట్టి, కాస్త రంగు వదిలి, బొమ్మ తీసి, తర్వాతి దానికి పోవాలి. గంటల పని. దారిలో ఆడంకీవిచ్ ధమని ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. పాము కింది సగానికి ముఖ్యమైన రక్తం పంపేది అదే. వెడల్పు మిల్లీమీటరుకి అటూఇటూ. ఎక్కువమందిలో ఎడమవైపే ఉంటుంది. పైకి ఎక్కి గబుక్కున కిందికి తిరిగే దాని వంపు తిరుమల ఘాట్ రోడ్డు మలుపుని గుర్తుచేస్తుంది. పొరపాటున దాన్ని మూసేస్తే కాళ్ళు శాశ్వతంగా పోతాయి. అడ్డదారి దొరికితే మాత్రం చిన్న క్లిప్పుతోనో, గొట్టంలోంచి పంపిన జిగురుతోనో కథ ముగుస్తుంది. తొందరగా దొరికినవాళ్ళు మళ్ళీ నడుస్తారు.

గుడ్లగూబ, కుక్కపిల్ల, వెదురుబొంగు

రేడియాలజిస్టుల పెట్టుడు పేర్ల ముందు మన ఊరి పెట్టుడు పేర్లు చాలవు. నడుము పూసని ఎదురుగా ఎక్స్‌రే తీస్తే రెండు గుండ్రని కళ్ళు, మధ్యలో ముక్కు, అచ్చం గుడ్లగూబ ముఖం. క్యాన్సర్ ఒక పక్క ఎముకని తినేస్తే ఒక కన్ను మాయం: ‘కన్నుకొట్టే గుడ్లగూబ’. అదే పూసల్ని ఏటవాలుగా తీస్తే వరసగా కుక్కపిల్లలు. కుక్క మెడలో పట్టీ కనిపిస్తే అక్కడ ఎముక చీలిందని అర్థం. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్లకి తరచుగా వచ్చే బాధ ఇది. పూసలన్నీ అతుక్కుపోయి కణుపులతో నిలబడితే ‘వెదురు వెన్ను’. ఇక నరాల్లో: కిడ్నీ ధమని ఉబ్బుతూ సన్నబడుతూ పోతే ‘పూసల దండ’. మెదడు అడుగున పెద్ద ధమనులు మూసుకుపోయి చిన్న నాళాలు గుబురుగా లేస్తే జపాన్ వాళ్ళు ‘మొయామొయా’ అన్నారు, పొగలా మసకమసకగా ఉందని. 1969లో సుజుకి, తకాకు పెట్టిన ఆ పేరే ప్రపంచమంతా నిలిచింది.

రంగు పొయ్యకుండానే కనపడ్డవి

ఒక్కోసారి ఒళ్ళే తనలో సున్నం పోసుకుంటుంది. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన 5,300 ఏళ్ళ నాటి మనిషి ఓట్జీని సీటీలో పెడితే ధమనుల గోడల్లో కాల్షియం తెల్లగా మెరిసింది. నలభై అయిదేళ్ళ కొండమనిషి. చిప్స్ ప్యాకెట్టు ముఖం చూసి ఎరగడు. అతని ఎడమ భుజంలో బాణపు ములుకు ఉందని 2001లో ఎక్స్‌రే చెప్పింది. భుజం కిందుగా పోయే పెద్ద ధమని ఆ బాణానికి తెగిందనీ, చావుకి అదే కారణమనీ తర్వాత సీటీ చెప్పింది. ఇంత ఆలస్యంగా తేలిన హత్య కేసు పోలీసు రికార్డుల్లో ఉండదు.

ఓట్జీ ఒక్కడే కాదు. ఈజిప్టు, పెరూతో కలిపి నాలుగు ప్రాంతాల 137 మమ్మీలకి సీటీ తీస్తే 47 మందిలో ధమనులు గట్టిపడిన గుర్తులున్నాయని 2013లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. దీనికి విరుద్ధమైన రికార్డు బొలీవియా అడవుల్లోని చిమానే తెగది. 705 మంది గుండెలకి సీటీ తీస్తే 85 శాతం మంది గుండె ధమనుల్లో కాల్షియం చుక్క కూడా లేదు. ఎనభై ఏళ్ళ చిమానే ముసలాయన ధమనులు యాభైల్లో ఉన్న అమెరికన్‌వి లాగా ఉన్నాయి. రోజంతా వేట, చేపలు, పొలం. కూర్చునే తీరిక లేదు.

ఇక రాజుగారి వెన్ను. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో లెస్టర్ పట్టణంలో కారు పార్కింగ్ కింద దొరికింది. షేక్‌స్పియర్ ఆయన్ని గూనివాడిగా నిలబెట్టాడు. పూసలకి సీటీ తీసి, ప్లాస్టిక్‌లో అచ్చుపోసి గుచ్చి చూస్తే గూని లేదు. వెన్ను పక్కకి వంగి ఉంది, వంపు 70 డిగ్రీలకు అటూఇటూ. ఈ రోజుల్లో 50 దాటితే ఆపరేషన్ మాట ఎత్తుతారు. బట్టలు సరిగ్గా కుట్టించుకుంటే కుడి భుజం కాస్త ఎత్తుగా ఉండటం తప్ప పెద్దగా తెలిసేది కాదట. అయిదు వందల ఏళ్ళ పుకారుని ఒక స్కాను సగం మాత్రమే కొట్టేసింది.

మన దగ్గర సున్నం పోసింది నీళ్ళు. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో మనుషులు నడుం బిగుసుకుపోయి, కర్రల్లా అయిపోవడాన్ని షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో వైద్య పత్రికలో రాశారు. భారతదేశంలో ఎముకల ఫ్లోరోసిస్ మీద తొలి నివేదికల్లో అదొకటి. ఆ ఎక్స్‌రేలని ఒకసారి చూస్తే మరవలేం. పూసలు సుద్దముక్కల్లా తెల్లగా, అంచులు కలిసిపోయి, మధ్యలో ఉండాల్సిన కట్లన్నీ రాయిగా మారి ఉంటాయి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య మామూలుగా కనపడని పలచని పొర సైతం ముళ్ళు ముళ్ళుగా గట్టిపడుతుంది. వెన్నుకాలవ ఇరుకై పాము నలిగితే కాళ్ళు చచ్చుబడతాయి. నల్గొండదీ ఇదే కథ. రంగులు, గొట్టాలు ఏవీ అక్కర్లేదు. చేతి ఎక్స్‌రే ట్యూబులైటుకి ఎత్తి పట్టి, మీ ఊరి బావి నీళ్ళెలాంటివో చెప్పగల డాక్టర్లు మనకున్నారు.

ఎముకల బొమ్మలు చదవడంలో మనవాళ్ళ పెద్దదిక్కు కాకర్ల సుబ్బారావు గారు. 1925లో కృష్ణాజిల్లా పెదముత్తేవిలో పుట్టి, అమెరికాలో రేడియాలజీ ప్రొఫెసరై, అక్కడి తెలుగువాళ్ళ సంఘం తానాకి తొలి అధ్యక్షుడై, తర్వాత హైదరాబాద్ వచ్చి నిమ్స్‌కి తొలి డైరెక్టరయ్యారు. 2000లో పద్మశ్రీ అందుకున్నారు, 2021లో కన్నుమూశారు.

గుమ్మడికాయ

సూది లేకుండా వెన్నుపామునీ డిస్కునీ చూపింది ఎమ్మారై. దానిలో కూర్చున్న తొలి మనిషి కూడా దాన్ని కట్టినవాడే. 1977లో న్యూయార్క్‌లో రేమండ్ డమేడియన్ తను కట్టిన యంత్రంలో మొదట తానే కూర్చున్నాడు. సిగ్నలు రాలేదు. ఒళ్ళు లావుగా ఉండటమే కారణమనుకుని బక్కపల్చని శిష్యుణ్ణి కూర్చోబెట్టారు. జులై 3న అతను నాలుగు గంటల నలభై అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుంటే ఛాతీ అడ్డకోత ఒక్కటి వచ్చింది. మన స్కానింగ్ సెంటర్లో అరగంటకే ‘ఇంకెంతసేపు బాబూ’ అనేవాళ్ళు ఆ శిష్యుణ్ణి తలుచుకోవాలి. 2003లో ఎమ్మారై నోబెల్ డమేడియన్‌కి రాలేదు; పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చి మరీ పోట్లాడాడు.

ఇప్పుడు మనుషుల్ని చూసే ఎమ్మారైల్లో బలంలో రికార్డు ఫ్రాన్స్‌లోని ఇజల్ట్ అనే యంత్రానిది. మన ఆస్పత్రుల్లోవి 1.5 లేదా 3 టెస్లాలు, ఇది 11.7. అయస్కాంతం బరువు 132 టన్నులు, చుట్టిన తీగ 182 కిలోమీటర్లు. 2024లో విడుదల చేసిన మెదడు బొమ్మల్లో 0.2 మిల్లీమీటర్ల వివరం నాలుగు నిమిషాల్లో వచ్చింది. అయితే మనిషి కంటే ముందు, 2021లో, అందులో పెట్టింది గుమ్మడికాయని. గింజలు, పీచు అద్భుతంగా పడ్డాయి. వాళ్ళకి తెలియదు గానీ, కొత్త యంత్రానికి దిష్టి తీసినట్టే.

కడుపులో ఒకటి, ఆకాశంలో ఒకటి

చివరి రెండు రికార్డులకీ రంగు లేదు, కిరణాలు లేవు, శబ్దతరంగాలే. 2023 మార్చి 15న బోస్టన్‌లో 34 వారాల గర్భంలో ఉన్న బిడ్డ మెదడుకి చికిత్స చేశారు. గేలెన్ సిర అనే పెద్ద సిరలోకి ధమనులు నేరుగా కలిసిపోయిన లోపం అది; పుట్టాక గుండె ఆగేంత ఒత్తిడి. అల్ట్రాసౌండులో చూస్తూ తల్లి పొట్ట, గర్భసంచి, బిడ్డ పుర్రె దాటించి సూది దించి, ఉబ్బిన సిరలో సన్నటి తీగ చుట్టలు నింపారు. ఈ పని చేసినట్టు వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. రెండు రోజుల తర్వాత బిడ్డ పుట్టింది.

రెండోది అంతరిక్ష కేంద్రంలో. బరువు లేని చోట మెడ సిరల్లో రక్తం ఎలా పారుతుందో చూడటానికి 11 మంది వ్యోమగాములు తమ మెడకి తామే అల్ట్రాసౌండ్ తీసుకునేవాళ్ళు. రెండు నెలల దగ్గర ఒకరి మెడ సిరలో గడ్డ కనపడింది. ఒంట్లో ఏ బాధా లేదు. స్టేషన్లో రక్తం పలచబరిచే సూదిమందు కొద్దిగానే ఉంది. దాన్ని పొదుపుగా వాడుతూ, సరుకుల నౌకలో మాత్రలు వచ్చేదాకా లాగాలి. నార్త్ కరోలైనాలో స్టెఫాన్ మోల్ అనే రక్తవైద్యుడి సలహా తీసుకున్నారు. ఒకరోజు ఆయన ఇంటి ఫోను మోగింది. భార్య ఎత్తింది. మీకే, అంతరిక్షం నుంచి, అని రిసీవరు ఆయన చేతికిచ్చింది. ఆ వ్యోమగామి ఎవరో అప్పట్లో పేరు బయటపెట్టలేదు. భూమ్మీద దిగిన పది రోజులకి గడ్డ ఆనవాలు కూడా లేదు.